వేప పువ్వు ఏరినవాళ్ళే పచ్చడి తాగుతారు

మా ఇంట్లో చాలా ఏళ్ళు ఉగాది పచ్చడి సగం సింకులోకే పోయింది. మనవరాలు గ్లాసు పెదాలకు తగిలించి "తాగేశా" అనేది. మనవడు ఇంకా ఘనుడు, బాల్కనీలోకి పోయి తులసి కుండీలో పోసి వచ్చేవాడు. ఒక ఏడాది మా కోడలు విసిగిపోయి వేప పువ్వు మానేసింది. జీడిపప్పు, ద్రాక్ష, ఇంత తేనె వేసి ఇచ్చింది. ఇద్దరూ లొట్టలేసుకుంటూ తాగి మళ్ళీ అడిగారు. "ఇది పానకం అమ్మా, పచ్చడి కాదు" అన్నాను. "అయితే వచ్చే ఏడు మీరే తాగించండి మామయ్యా" అంది. ఆ మాట మీద మొదలైంది నా పద్ధతి.

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి 2014లో రిటైరయ్యాను. ఉండేది హైదరాబాద్ విద్యానగర్‌లో, మూడో అంతస్తు. కొడుకూ కోడలూ పొద్దున పోతే రాత్రికి వస్తారు. మార్చి సగానికి ఒంటిపూట బడులు మొదలవుతాయి కదా, మధ్యాహ్నం బడి వదిలాక పిల్లలిద్దరూ నా లెక్కలోకే వస్తారు. టీవీ, ఫోను తప్ప వేరే పని లేని ఆ మధ్యాహ్నాలనే పండగకు వాడుకుంటాను. తల్లిదండ్రులకు తీరిక లేకపోతే ఇంట్లో తాతలకో అమ్మమ్మలకో ఈ పని అప్పగించండి. పండగనాడు పిల్లల్ని నిలబెట్టి ఫొటో తీస్తే పండగ అయిపోదు. పని చెప్పాలి. అది కూడా పది రోజుల ముందు నుంచి.

మొదటి పని వేప పువ్వు. ఇది ఒక్కటి సరిగ్గా జరిగితే మిగతావి కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు.

నేను పొద్దున ఉస్మానియా యూనివర్సిటీ వైపు నడకకు పోతాను. ఆదివారం పిల్లల్నీ తీసుకుపోతాను. ముందు చెట్టు చూపించాలి. వేప చెట్టు కొత్త చిగుళ్ళు ఎర్రగా వేసి, అవి లేత పచ్చకు తిరిగాక పూత వస్తుంది. తెల్లటి చిన్న చిన్న పూలు, గుత్తులు గుత్తులుగా. సాయంత్రమైతే చెట్టు కింద తేనె వాసన కొడుతుంది. మా మనవరాలు మొదటిసారి వాసన చూసి, "ఇంత మంచి వాసన వచ్చేది చేదెందుకుంటుంది తాతా?" అంది. నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ ప్రశ్న అడిగాక ఒక పువ్వు తీసి తనంతట తానే నోట్లో వేసుకుంది. ఎవరూ బలవంతం చేయలేదు. మొహం ఎట్లా పెట్టిందో నేను రాయలేను గానీ, ఉమ్మేయలేదు.

పువ్వు ఏరడానికి పాత పంచె ఒకటి కావాలి. కాలనీ చెట్టయితే ముందు వాచ్‌మన్‌కో, ఆ ఇంటివాళ్ళకో చెప్పండి. చెప్పకుండా కొమ్మ వంచితే పిల్లలకు నేర్పేది అదే అవుతుంది. ఎండ ఎక్కక ముందే చెట్టు కింద పంచె పరిచి, అందిన కొమ్మను ఒకరు మెల్లగా ఊపాలి. పూలు జలజలా రాలుతాయి. చీమలు కూడా రాలతాయి, చెప్పులు విప్పనివ్వకండి. మెయిన్ రోడ్డు పక్క చెట్టు వద్దు. బండ్ల పొగ, దుమ్ము అంతా పువ్వు మీదే ఉంటుంది. ముప్పై ఏళ్ళు ఆ పొగలోనే తిరిగిన మనిషిగా చెబుతున్నాను.

ఇంటికి తెచ్చాక జల్లెడలో వేసి రెండు నీళ్ళు పోసి, గుడ్డ మీద నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే నల్లబడుతుంది. ఆరిన పువ్వును రెండు అరచేతుల మధ్య మెల్లగా నలిపి ఊదితే కాడలు, పుప్పొడి పోయి రెక్కలు మిగులుతాయి. ఊదడం పిల్లల పని. సగం ఇల్లంతా ఎగురుతుంది, ఊడ్చడం మీ పని. ఒక గిన్నెడు పూలు ఏరితే చివరికి మిగిలేది గుప్పెడు రెక్కలు. ఆ గుప్పెడు చూశాక మా చిన్నోడికి అది బంగారంతో సమానమైంది. ఎవరైనా ఒక రెక్క కింద పడేస్తే పోట్లాడేవాడు.

ఒక్క మాట ఇక్కడే చెప్పాలి. 2021లో తెలంగాణ అంతటా వేప చెట్లకు తెగులు వచ్చింది. కొమ్మలు కొసల నుంచి ఎండుకుంటూ లోపలికి వచ్చాయి. శిలీంధ్రం వల్ల వచ్చే డైబ్యాక్ అన్నారు. మా వీధి మొదట్లో ఉన్న చెట్టు కాలిపోయినట్టు గోధుమరంగుకు తిరిగింది. చచ్చిందనే అనుకున్నాం. తర్వాత వానలు పడ్డాక మోడు పక్కల నుంచి చిగురేసింది. మేం ఇప్పుడు పువ్వు ఏరేది ఆ చెట్టు దగ్గరే. పిల్లలకు ఈ కథ చెప్పండి, చెట్టును చూసే చూపు మారుతుంది.

ఉగాది తొందరగా వచ్చిన ఏడు చెట్టుకు పూత ఉండకపోవచ్చు. 2025లో మార్చి 30న వచ్చింది, 2026లో మార్చి 19న, 2027లో ఏప్రిల్ 7న. ఎందుకిట్లా ముందుకూ వెనక్కూ జరుగుతుందో పిల్లలు అడుగుతారు. క్యాలెండర్ ముందేసుకుని కూర్చోండి. చంద్రుణ్ని బట్టి లెక్కపెట్టే పన్నెండు నెలలకు దాదాపు 354 రోజులే. అంటే ఏటా పదకొండు రోజుల లోటు. ఆ లోటు పెరిగి పెరిగి నెలంత అయినప్పుడు ఒక అధిక మాసం కలుపుతారు. 2026లో అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి 2027 ఉగాది ఏప్రిల్‌కు జరిగింది. మా మనవరాలికి దీన్ని కండక్టర్ భాషలో చెప్పాను: రోజూ చిల్లర తక్కువ పడుతుంటే నెలాఖరుకు ఒకేసారి జేబులోంచి కట్టినట్టు. వెంటనే అర్థమైంది. పూత రాని ఏడు కిందటేడు దాచిన పువ్వు పనికొస్తుంది, లేకపోతే సికింద్రాబాద్ మోండా మార్కెట్లో పొట్లాలు అమ్ముతారు. పొట్లం కొంటే విప్పి చూడండి, సగం కాడలే ఉంటాయి.

రెండో పని కుండ. వేసవి మొదలు కాబట్టి నీళ్ళ కుండలు అమ్మేవాళ్ళు రోడ్ల పక్కన పెట్టే ఉంటారు. మూడు లీటర్లు పట్టే చిన్నది చాలు. లోపల రంగు పూసినది వద్దు. వేలి కణుపుతో కొట్టి చూడటం పిల్లలకు నేర్పండి: కంగుమంటే మంచిది, బొంగురుగా మోగితే ఎక్కడో పగులుంది. ఆ వరసలో ఉన్న కుండలన్నీ మావాళ్ళు వాయించి చూశారు, అమ్మే ఆవిడ నవ్వుకుంది. తెచ్చిన కుండను ఒక రాత్రంతా నీళ్ళలో నానబెట్టాలి. నానబెట్టకుండా పోస్తే సగం పచ్చడిని కుండే తాగుతుంది, మిగిలిన సగం మట్టి వాసన. నేను మొదటేడు చేసిన తప్పు ఇదే.

మోండాలోనే కొత్త చింతపండు, కొత్త బెల్లం, మామిడికాయలు తీసుకోండి. చింతపండు కొత్తదైతే ఎర్రగా, మెత్తగా ఉంటుంది, పాతది నల్లబడుతుంది. బెల్లం మరీ పచ్చగా మెరిసేది కాకుండా కాస్త ముదురు రంగుది చూడండి. మామిడికాయ తొడిమ దగ్గర కారే సొన పిల్లల పెదాలకు తగిలితే పుండవుతుంది, ఇంటికి రాగానే కాయలు నీళ్ళలో పడేయాలి.

ముందురోజు సాయంత్రం తోరణం, ముగ్గు. తోరణానికి ఆకులు కుట్టక్కర్లేదు. తాడు మీదుగా ఆకు మడిచి చీపురు పుల్లతో గుచ్చితే చాలు, ఆరేళ్ళ పిల్లాడు కూడా చేస్తాడు. ముగ్గు ఏడు చుక్కలు, సందు చుక్క నాలుగు వచ్చేదాకా. అపార్టుమెంటు కారిడార్‌లో బియ్యప్పిండితో వేశాం. తెల్లారేసరికి చీమల బారు, పక్కింటావిడ మొహం మాడ్చుకుంది. ఇప్పుడు గుమ్మం ముందు వరకే పిండి, మిగతాది చాక్‌పీసు.

పండగ పొద్దున తలంటు. మా ఆవిడకు షాంపూ పనికిరాదు. నువ్వుల నూనె పట్టించి, సున్నిపిండి రుద్ది, కుంకుడుకాయ రసంతోనే పోయాలి. కుంకుడు రసం కళ్ళలో పడితే వీధి చివరిదాకా వినిపించే ఏడుపు. మడిచిన పొడి తువ్వాలు కళ్ళ మీద గట్టిగా పట్టుకోమనండి, తల ముందుకు కాదు, వెనక్కి వంచి పోయండి. అంతే.

ఇక పచ్చడి.

ముందు ఆరు గిన్నెల ఆట ఆడిస్తాను. బెల్లం, చింతపండు రసం, ఉప్పు, మిరియాల పొడి, వేప పువ్వు, లేత జామకాయ ముక్క. కళ్ళకు గంతలు కట్టి ఒక్కొక్కటి నాలుక మీద పెట్టి పేరు చెప్పమంటాను. తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు అందరూ చెప్పేస్తారు. ఆగిపోయేది వగరు దగ్గర. "తాతా, ఇది రుచి కాదు, నాలుకను ఎవరో పట్టుకున్నట్టుంది" అన్నాడు చిన్నోడు. వగరుకు ఇంతకంటే మంచి అర్థం నేనెక్కడా వినలేదు. పచ్చడిలో ఆ వగరు మామిడికాయ తొక్కలోంచి వస్తుంది, అందుకే తొక్క తీయకూడదు.

ఏడెనిమిది మందికి మా లెక్క ఇది. పెద్ద నిమ్మకాయంత చింతపండు, లీటరు నీళ్ళు, పావు కిలో బెల్లం, ఒక మామిడికాయ, రెండు పెద్ద చెంచాల వేప రెక్కలు, చిటికెడు కంటే కాస్త ఎక్కువ ఉప్పు, అర చెంచా మిరియాల పొడి. పచ్చిమిర్చి వద్దంటాను, పిల్లలు కోసిన చేత్తోనే కళ్ళు నలుపుకుంటారు. చింతపండు అరగంట నానబెట్టి పిసికి వడకట్టడం పెద్దదానికి. బెల్లం నలగ్గొట్టి ఆ రసంలో వేసి కరిగాక మళ్ళీ వడకట్టాలి. బెల్లంలో ఇసుక, చెరకు పీచు ఎంత ఉంటుందో వాళ్ళకు గుడ్డలో చూపించండి. మామిడికాయ తురమడం మీరు చేయండి, తురుము పీటకు చిన్న వేళ్ళంటే ఇష్టం. అన్నీ కుండలో పోశాక చివర్న వేప పువ్వు. దాన్ని వేసే హక్కు ఏరినవాళ్ళదే. మా వాడు ఒకసారి గుప్పెడూ ఒకేసారి వేసేశాడు. ఆ ఏడాది పచ్చడి మందులా ఉంది. అయినా గ్లాసు ఖాళీ చేసిన వాడు వాడొక్కడే, తన పువ్వు కదా. అప్పటి నుంచి చెంచాతో లెక్కపెట్టి వేయిస్తున్నాను.

ఇక్కడే మా ఇంట్లో ఏటా చర్చ. మాది జనగామ వైపు, మాకు పచ్చడంటే గ్లాసులో పోసుకుని తాగేది. పుట్నాల పప్పు, ఎండుకొబ్బరి ముక్కలు, కొంచెం సోంపు పడాలి. కోడలిది తెనాలి. వాళ్ళకు పచ్చడి చిక్కగా ఉండాలి, మామిడికాయ సన్నటి ముక్కలుగా తరగాలి, అరటిపండు, చెరకు ముక్కలు వేసి చెంచాతో చేతిలో పెడతారు. "తాగే పచ్చడేంటండీ" అని తను, "నాకే పచ్చడేందమ్మా" అని మా ఆవిడ. చివరికి తేలిందేమిటంటే కుండలో మాది, స్టీలు గిన్నెలో వాళ్ళది. పిల్లలు రెండూ తీసుకుంటారు. మీ ఇంట్లోనూ ఇట్లాంటి పంచాయితీ ఉంటే తీర్పు చెప్పకండి, రెండూ చేయండి.

పరగడుపున దేవుడి ముందు పెట్టాక తాగుతాం. అప్పుడు మా ఆవిడ "శతాయుర్వజ్రదేహాయ సర్వసంపత్కరాయ చ, సర్వారిష్టవినాశాయ నింబకందళభక్షణమ్" అని చదువుతుంది. నింబం అంటే వేప అని, అది తింటే నూరేళ్ళ ఆయుష్షు, వజ్రంలాంటి ఒళ్ళు అని చెబితే చిన్నోడు కండలు చూపించాడు. ఒక జాగ్రత్త: అరటిపండు వేసిన పచ్చడి మధ్యాహ్నంలోపు అయిపోవాలి. మన ఎండలకు సాయంత్రానికి పొంగుతుంది. ఒకసారి మూత తీస్తే నురగ వచ్చి కల్లు కుండలా ఉంది. మా ఆవిడ నన్నే అనుమానంగా చూసింది.

బక్షాలు, అదే బొబ్బట్లు, మా ఆవిడ సామ్రాజ్యం, నేను చూసిందే చెబుతాను. శనగపప్పు గింజ వేళ్ళ మధ్య నలిగేదాకే ఉడకాలి, ముద్ద కాకూడదు. నీళ్ళు పూర్తిగా ఒంచేసి, పప్పుకు సమానంగా బెల్లం, యాలకులు వేసి దగ్గరకు వచ్చేదాకా తిప్పి రుబ్బాలి. ఒంచిన కట్టుతో చారు పెడుతుంది, అసలు మధ్యాహ్నం భోజనంలో నాకు కావాల్సింది ఆ చారే. పూర్ణం జారుగా అయితే మళ్ళీ ముకుడులో వేసి పొయ్యి మీద ఆరనివ్వాలి, పిండి కలపకండి. పిల్లలతో పూర్ణం ఉండలు చేయించవచ్చు. పది చేస్తే ఏడు గిన్నెలోకి వస్తాయి, ముందే ఎక్కువ చేసుకోండి. పెనం దగ్గరికి మాత్రం రానివ్వదు.

భోజనాలయ్యాక పంచాంగం. టీవీలో రవీంద్రభారతి నుంచి పంచాంగ శ్రవణం వస్తుంటుంది, పిల్లలు ఐదు నిమిషాలు కూడా కూర్చోరు. అందుకే పంచాంగం పుస్తకం వాళ్ళ చేతికే ఇచ్చి చదివిస్తాను. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం అని ఐదు అంగాలు చెప్పి, ఆ తర్వాత రాశుల పేజీకి పోతాం. ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. మా అబ్బాయికి ఒక ఏడు ఆదాయం తక్కువ, వ్యయం ఎక్కువ వచ్చింది. "నాన్నా, ఈ ఏడాది సైకిల్ అడగనులే" అంది మనవరాలు. నేను వీటిని నమ్ముతానా అంటే, ఆ పేజీ దగ్గర ఇల్లంతా నవ్వడాన్ని నమ్ముతాను. అవమానం అంకె ఎక్కువున్నవాళ్ళను ఆ రోజంతా ఎవరూ తిట్టకూడదని మా ఇంట్లో రూలు.

ఇంకో ఆట సంవత్సరాల పేర్లది. అరవై పేర్లు, ప్రభవ నుంచి అక్షయ దాకా. ఈ చుట్టు 1987లో ప్రభవతో మొదలైంది. ఎవరు ఏ ఏట పుట్టారో పిల్లలే లెక్కపెట్టాలి. జనవరి నుంచి ఉగాది లోపు పుట్టినవాళ్ళకు ముందు ఏడాది పేరే వస్తుందని గుర్తు చేయండి. మా చిన్నోడు 2020 ఫిబ్రవరిలో పుట్టాడు, అంటే వికారి. "నాది వికారి ఏంటి, పేరు మార్చు" అని పేచీ. వాడి మొదటి ఉగాది మార్చి 25న, దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజే. కుండ లేదు, మార్కెట్ లేదు, వంటింట్లో ఉన్నదానితో గిన్నెలో చేశాం. మనవరాలు 2016 ఆగస్టులో పుట్టింది, దుర్ముఖి. నా పేరు దగ్గరికొచ్చి వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. 1956 శ్రావణం. ఆగిపోయింది. మళ్ళీ లెక్కపెట్టింది. "తాతా, నువ్వూ దుర్ముఖే!" మనమిద్దరం ఒకే ఏడాది పుట్టాం అని ఆ రోజు కనబడిన వాళ్ళందరికీ చెప్పింది, లిఫ్టులో తెలియని మనిషికి కూడా.

పచ్చడి పంచడం కూడా పిల్లల పనే. ఎదురింటి మరాఠీవాళ్ళకు ఆ రోజే గుడి పడ్వా, వాళ్ళింట్లో కూడా వేప ఆకు తింటారని మావాళ్ళకు అక్కడే తెలిసింది. రెండు వీధుల అవతల ఉండే భాయ్ నాతో చాలా ఏళ్ళు ఒకే బండి మీద డ్రైవరుగా చేశాడు. 2025లో ఉగాది ఆదివారం, మర్నాడు సోమవారం రంజాన్. అంటే ఉగాది నాడు ఆయన ఉపవాసం. పచ్చడి పొద్దున ఇస్తే తాగలేడు కదా అని, అరటిపండు వేయకుండా కొంత తీసి ఫ్రిజ్‌లో పెట్టి, సాయంత్రం పిల్లలతో క్యాను పంపాను. ఇఫ్తార్ అయ్యాక ఫోన్ చేశాడు. "ఏం కండక్టర్ సాబ్, ఈసారి చేదు తగ్గించినవ్" అన్నాడు. మర్నాడు పొద్దున అదే క్యానులో షీర్ ఖుర్మా వచ్చింది.

పండగ మర్నాడు చివరి పని ఒకటుంది, మర్చిపోకండి. మిగిలిన వేప రెక్కలను ఇంకో రెండు రోజులు నీడలో ఆరనిచ్చి, తడి లేని గాజు సీసాలో పోసి మూత బిగించాలి. ప్లాస్టిక్ కవర్లో దాచిన ఏడు బూజు పట్టింది. కుండను సబ్బు పెట్టకుండా కడిగి ఎండబెడితే వేసవంతా పెరుగు తోడు పెట్టుకోవచ్చు. సీసా మీద మా మనవరాలు ఏటా ఆ సంవత్సరం పేరు రాసి కాగితం అంటిస్తుంది. ఈసారి కింద చిన్నోడి చేతిరాత కూడా ఉంది: "నేను ఏరింది. అడిగి తీసుకోవాలి."